రేణిగుంట నుంచి కువైట్‌కు: మధ్యలో విమానం మారేది ఎట్ల?

రేణిగుంటలో విమానం దిగేది మనందరం చూసిందే. చేలో కలుపు తీస్తా తల పైకెత్తి చూసే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఆ విమానంలో పోయేది డబ్బున్న వాళ్లే కాదు. పీలేరు, వాయల్పాడు, మదనపల్లె పక్క పల్లెల నుంచి ఎంతమంది కువైట్ పోతా ఉన్నారో మనకు తెలుసు. రాయచోటి, రాజంపేట వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. కొందరు డ్రైవర్లుగా పోతారు. కొందరు ఇంటి పనికి పోతారు. కొందరు కూలికి పోతారు.

పోయే ముందు అందరూ అడిగేది రెండే మాటలు. జీతం ఎంత? వీసా ఎప్పుడొస్తుంది? దారిలో విమానం మారాలంటే ఏం చేయాలి అని అడిగే వాళ్లు తక్కువ. ఏజెంటు కూడా వివరంగా చెప్పడు. "యాడో ఒకచోట దిగి ఇంకోటి ఎక్కాలమ్మా, అంతే" అంటాడు. ఆ "అంతే" అన్న మాటలోనే చానా ఉంది. రెండో విమానం తప్పిపోతే టికెట్టు డబ్బు పోతుంది. వీసా గడువు దాటిపోవచ్చు. అప్పు తెచ్చి కట్టిన డబ్బుకు వడ్డీ మాత్రం ఆగదు. అందుకే ఈ సంగతి కొంచెం నిదానంగా తెలుసుకుందాం.

పేరు పెద్దది, ఎయిర్‌పోర్టు చిన్నది

తిరుపతి ఎయిర్‌పోర్టు ఉండేది రేణిగుంట దగ్గర. తిరుపతి నుంచి సుమారు 15 కిలోమీటర్లు. ఇప్పుడున్న కొత్త బిల్డింగును 2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. దానికి గరుడ టెర్మినల్ అని పేరు. టెర్మినల్ అంటే మనం లోపలికి పోయి, సామాను ఇచ్చి, కూర్చునే బిల్డింగు. 2017లో ఈ ఎయిర్‌పోర్టుకు అంతర్జాతీయ హోదా ఇచ్చారు. అంటే విదేశాల విమానాలు కూడా రావచ్చు, పోవచ్చు అని అర్థం.

హోదా వేరు, విమానం వేరు. ఆ పేరు వచ్చాక కూడా ఏళ్ల తరబడి ఇక్కడి నుంచి దేశం లోపలి ఊర్లకే విమానాలు తిరిగాయి. అందుకే మన వాళ్లు హైదరాబాదుకో, చెన్నైకో, బెంగళూరుకో పోయి అక్కడ పెద్ద విమానం ఎక్కుతా వచ్చారు. రేణిగుంటలో బోర్డు మీద "అంతర్జాతీయ" అని చదివి, ఇక్కడ ఎక్కితే నేరుగా కువైట్‌లో దిగుతాం అనుకోకండి. టికెట్టు చూడండి. ఎన్ని ఊర్ల పేర్లు ఉంటే అన్నిచోట్ల ఆగాలి.

చిన్న ఎయిర్‌పోర్టులో ఒక సుఖం ఉంది. ఒక చివర నిలబడితే రెండో చివర కనబడుతుంది. దారి తప్పే భయం లేదు. ఒక కష్టమూ ఉంది. విమానాలు తక్కువ కాబట్టి ఒకటి తప్పిపోతే రెండోది ఎప్పుడో చెప్పలేం. అదే రోజు ఉండకపోనూవచ్చు.

టికెట్టు ఒకటా, రెండా?

పీలేరు నుంచి నెల్లూరు పోవాలంటే మనం ఏం చేస్తాం? తిరుపతిలో దిగి బస్సు మారుతాం. మొదటి బస్సు ఆలస్యమైతే పోయేదేముంది? తర్వాతి బస్సు ఎక్కుతాం. విమానం అట్ల కాదు. ఏ విమానానికి టికెట్టు ఉందో దాంట్లోనే పోవాలి. అది పోతే ఆ టికెట్టు చెల్లదు.

ఇక్కడే ముఖ్యమైన విషయం ఉంది. ఒక అక్క రేణిగుంటలో ఎక్కి, హైదరాబాదులో మారి, కువైట్ పోతా ఉంది అనుకుందాం. ఆమెకు ఏజెంటు టికెట్టు రెండు రకాలుగా కొనవచ్చు. మొత్తం దారికి ఒకే టికెట్టు కొనవచ్చు. లేదా రేణిగుంట నుంచి హైదరాబాదుకు ఒకటి, హైదరాబాదు నుంచి కువైట్‌కు ఇంకొకటి విడివిడిగా కొనవచ్చు. విడివిడిగా కొంటే ఒక్కోసారి ధర తగ్గుతుంది. ఏజెంటుకు నాలుగు రూకలు మిగులుతాయి.

ఒకే టికెట్టు అయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా, ఆమెను తర్వాతి విమానంలో పంపే బాధ్యత విమాన కంపెనీది. రెండు టికెట్లు అయితే ఆ బాధ్యత ఎవరిదీ కాదు. మొదటి కంపెనీ "నిన్ను హైదరాబాదులో దించినాం, మా పని అయిపోయింది" అంటుంది. రెండో కంపెనీ "నువ్వు టైముకు రాలేదు" అంటుంది. మధ్యలో ఆ అక్క సామాను పక్కన పెట్టుకుని నిలబడి ఉంటుంది.

మరి ఏ రకం టికెట్టో తెలిసేది ఎట్ల? కాగితం మీద పి.ఎన్.ఆర్. అని ఒక నంబరు ఉంటుంది. దాంట్లో ఆరు గుర్తులు ఉంటాయి. కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, కొన్ని అంకెలు. రెండు విమానాలకూ ఆ ఆరూ ఒకటే అయితే మామూలుగా ఒకే టికెట్టు. వేరు వేరుగా ఉంటే అనుమానించండి. ఇంగ్లీషు చదవడం రాకపోయినా పరవాలేదు. రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి పోల్చి చూడటం వస్తే చాలు. డబ్బు ఇవ్వకముందే ఏజెంటును అడగండి: "అన్నా, దారి మొత్తానికి ఒకే టికెట్టా? మధ్యలో ఎంత టైము ఉంది?"

విడి టికెట్లే కొనాల్సి వస్తే మధ్యలో కనీసం ఐదారు గంటలు ఉండేట్టు కొనమని చెప్పండి. ఖాళీగా కూర్చోవడం విసుగే. విమానం తప్పిపోవడం కంటే మేలు కదా!

గడియారం చదవడం

ఎయిర్‌పోర్టులో గడియారం 12 దగ్గర ఆగదు. 13, 14 అని 23 దాకా పోతుంది. 15:20 అని ఉంటే 12 తీసేయండి. 3:20 వస్తుంది. అంటే మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. 23:40 అంటే రాత్రి 11:40. ఈ లెక్క అక్షర కేంద్రంలో తీసివేతలు నేర్చుకున్న వాళ్లందరికీ వస్తుంది.

అర్ధరాత్రి దాటితే మళ్లీ 00 నుంచి మొదలవుతుంది. ఇక్కడ చానామంది తప్పు చేస్తారు. టికెట్టు మీద 12వ తేదీ 00:30 అని ఉంది అనుకోండి. అది 12వ తేదీ రాత్రి కాదు. 11వ తేదీ రాత్రి పన్నెండు దాటాక అరగంటకు. అంటే 11వ తేదీ రాత్రి 9 గంటలకే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 12వ తేదీ రాత్రి తీరిగ్గా బయలుదేరితే, విమానం వెళ్లిపోయి అప్పటికే దాదాపు ఒక రోజు అయి ఉంటుంది. గల్ఫ్ విమానాలు చానా వరకు రాత్రిపూటే ఉంటాయి కాబట్టి ఈ ఒక్క సంగతీ గోడ మీద రాసిపెట్టుకున్నా తప్పులేదు.

ఇంకో తిరకాసు. టికెట్టు మీద వేసే టైము ఏ ఊరికి ఆ ఊరి టైము. మనకంటే కువైట్ రెండున్నర గంటలు వెనక. మనకు మధ్యాహ్నం ఒంటిగంట అయితే అక్కడ ఉదయం పదిన్నర. సౌదీ, ఖతర్, బహ్రెయిన్ కూడా అంతే. దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. మధ్యలో మస్కట్‌లోనో బహ్రెయిన్‌లోనో దిగితే, మన చేతి గడియారం చూసుకోకండి. గోడ మీద గడియారం చూడండి. సెల్‌ఫోన్ కూడా కొన్నిసార్లు మన టైమే చూపిస్తా ఉంటుంది.

విదేశీ విమానానికి మూడు గంటల ముందు రమ్మంటారు. ఎందుకని? సామాను ఇచ్చే కౌంటరు విమానం బయలుదేరడానికి సుమారు ఒక గంట ముందే మూసేస్తారు. ఎక్కే గేటు ఇరవై, ఇరవై ఐదు నిమిషాల ముందు మూసేస్తారు. విమానం అద్దంలో కళ్లముందే కనబడుతా ఉన్నా ఎక్కనివ్వరు. బస్సు కండక్టరు మాదిరి "రైట్ రైట్" అంటూ పరిగెత్తే వాళ్లను ఎక్కించుకోరు.

సామాను ఎంత దాకా పోతుంది?

రేణిగుంట కౌంటరులో పెద్ద బ్యాగు ఇచ్చేటప్పుడు దానికి ఒక పొడవు కాగితం చుడతారు. దాని మీద మూడు పెద్ద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అవి బ్యాగు దిగే ఊరి గుర్తు. తిరుపతికి టి.ఐ.ఆర్., హైదరాబాదుకు హెచ్.వై.డి., కువైట్‌కు కె.డబ్ల్యూ.ఐ. కాగితం మీద కువైట్ గుర్తు ఉంటే బ్యాగు నేరుగా కువైట్‌లో తీసుకోవచ్చు. హైదరాబాదు గుర్తు ఉంటే అక్కడ దిగి, బెల్టు దగ్గర బ్యాగు తీసుకుని, మళ్లీ రెండో కౌంటరులో ఇవ్వాలి. నోటితో కూడా అడగండి: "బ్యాగు కువైట్ దాకా పోతుందా సార్, మధ్యలో తీసుకోవాలా?" దాని తునక ఒకటి మనకు ఇస్తారు. అది పారేయకూడదు. బ్యాగు పోతే దాన్ని చూపించే అడగాలి.

బ్యాగులో ఏం పెట్టకూడదో కూడా చెప్పుకోవాలి. ఎండుకొబ్బరి తొందరగా అంటుకుంటుంది కాబట్టి విమానంలోకి రానివ్వరు. ఊరగాయను చేతి సంచిలో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు. పెద్ద బ్యాగులో గట్టిగా మూత బిగించి పెట్టాలి. గసగసాల సంగతి ఇంకా పెద్దది. మనకు అది కూరలో వేసే దినుసు. అవి గంజాయి, నల్లమందు జాతికి చెందిన వస్తువుగా లెక్కవేసే దేశాలు ఉన్నాయి. దుబాయ్, సౌదీల్లో గసగసాలు తేవడం నేరం. జైలుకు కూడా పంపుతారు. పక్కింటి వాళ్లు "మా అబ్బోడికి ఈ పొట్లం ఇచ్చేయక్కా" అంటే, విప్పి చూడకుండా తీసుకోకండి. మొహమాటం పడాల్సిన పని లేదు. పట్టుబడితే ఆ పొట్లం ఎవరిదని అడగరు, ఎవరి బ్యాగులో ఉందనే చూస్తారు.

ముద్ర యాడ వేస్తారు?

దేశం దాటే ముందు పాస్‌పోర్టు చూసి ముద్ర వేసే చోటును ఇమిగ్రేషన్ అంటారు. రేణిగుంటలో హైదరాబాదు విమానం ఎక్కేటప్పుడు ఈ ముద్ర వేయరు. అది దేశం లోపలి ప్రయాణం కదా. ముద్ర హైదరాబాదులో వేస్తారు. కాబట్టి అసలు పరీక్ష ఉండేది అక్కడ.

పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని ఉంటుంది. వలస పోయే ముందు తనిఖీ అవసరం అని దాని అర్థం. 1983లో వచ్చిన చట్టం కింద ఈ పద్ధతి పెట్టారు. అట్లాంటి పాస్‌పోర్టు ఉన్న వాళ్లు కువైట్, సౌదీ, దుబాయ్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ లాంటి 18 దేశాలకు పని కోసం పోవాలంటే ముందే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లకు ఈ అనుమతి ఇవ్వరు. ఇది మనల్ని ఆపడానికి పెట్టిన అడ్డు అని కొందరు అంటారు. నిజానికి ఈ అనుమతి తీసుకుంటే పని ఇచ్చే వాళ్ల పేరు, జీతం, ఒప్పందం ప్రభుత్వం దగ్గర నమోదవుతాయి. దాంతోపాటు 10 లక్షల రూపాయల ప్రమాద బీమా కూడా ఉంటుంది. రేపు కష్టం వస్తే అడగడానికి ఒక కాగితం మిగులుతుంది.

దొంగ ఏజెంట్లు ఇక్కడే విమానం మారడాన్ని వాడుకుంటారు. "ముందు చూసొచ్చే వీసా మీద ఇంకో దేశం పో. అక్కడి నుంచి మా మనిషి కువైట్ పంపిస్తాడు" అంటారు. ఇమిగ్రేషన్‌లో అడిగితే చుట్టాలను చూసేదానికి పోతా ఉన్నా అని చెప్పమంటారు. అట్ల పోయిన మనిషి పేరు ఏ లెక్కలోనూ ఉండదు. అక్కడ కొట్టినా, జీతం ఎగ్గొట్టినా, పని చేయడానికి వచ్చిన మనిషే కాదు పొమ్మంటారు. పైగా అబద్ధం బయటపడితే హైదరాబాదులోనే ఆపేస్తారు. టికెట్టు డబ్బు ఏజెంటు తిరిగి ఇస్తాడా? మీరే చెప్పండి. చూసొచ్చే వీసా మీద పనికి పంపేవాడు ఎంత తీయగా మాట్లాడినా నమ్మదగినవాడు కాదు.

అనుమానం ఉంటే విదేశాంగ శాఖ వాళ్ల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చేయవచ్చు. నంబరు 1800 11 3090. మన దేశం నుంచి చేస్తే డబ్బు పడదు.

దిగినాక ఎటు పోవాలి?

హైదరాబాదు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దేశం లోపలి విమానాలకూ విదేశీ విమానాలకూ బిల్డింగు ఒకటే. చెన్నైలో ఆ రెంటికీ బిల్డింగులు వేరు. బయటికి వచ్చి పక్క బిల్డింగుకు పోవాలి. బెంగళూరు దేవనహళ్లిలో రెండు టెర్మినళ్లు ఉన్నాయి. 2023 సెప్టెంబరు నుంచి విదేశీ విమానాలు రెండో టెర్మినల్ నుంచి పోతా ఉన్నాయి. మదనపల్లె పక్క వాళ్లు చానామంది రోడ్డు మీదనే దేవనహళ్లి పోతారు. వాళ్లు ఆటోవాడికో కారు అబ్బాయికో "రెండో టెర్మినల్" అని ముందే చెప్పాలి.

మధ్యలో ఇంకో దేశంలో దిగితే మాత్రం ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. గుంపు పోయే దారిలో పోవద్దు. గుంపులో చానామంది ఆ ఊర్లోనే దిగే వాళ్లు. వాళ్లు బయటికి పోతారు. మనం పోవాల్సింది "ట్రాన్స్‌ఫర్" అనో "కనెక్షన్స్" అనో రాసిన బోర్డు వైపు. ఆ అక్షరాలు చదవలేకపోతే యూనిఫాం వేసుకున్న వాళ్లకు చేతిలోని బోర్డింగ్ పాస్ చూపించండి. మాట రాకపోయినా వాళ్లు చేయి చూపిస్తారు. ఆ దారిలో మళ్లీ ఒకసారి సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది. ఒకసారి అయింది కదా అని తగవు పెట్టుకోవద్దు. అందరికీ అంతే.

బోర్డింగ్ పాస్ మీద మూడు చూసుకోవాలి. విమానం నంబరు, గేటు నంబరు, సీటు నంబరు. సీటు 14 ఎ అంటే పద్నాలుగో వరసలో కిటికీ పక్కన. గేటు నంబరు మాత్రం మారుతా ఉంటుంది. బోర్డింగ్ పాస్ మీద 5 అని ఉన్నా, టీవీ బోర్డు మీద 11 అని రావచ్చు. అప్పుడు బోర్డునే నమ్మాలి. కొన్ని ఎయిర్‌పోర్టుల్లో మైకులో పిలవరు. అరగంటకొకసారి లేచి బోర్డు చూసుకోవాల్సిందే.

కూర్చుని ఉండే గంటలు

ఐదారు గంటలు కూర్చోవడం కూలికి పోయినంత కష్టం అనిపిస్తుంది. లోపల టీ ధర చూస్తే గుండె ఆగుతుంది. చపాతీలో, చిత్రాన్నమో పొట్లం కట్టుకుని పోవచ్చు. నీళ్ల బాటిలు ఖాళీగా తీసుకుని పోయి, సెక్యూరిటీ దాటాక కుళాయి దగ్గర పట్టుకోవచ్చు. నిద్ర వస్తే గేటు ఎదురుగానే పడుకోండి, దూరంగా మూల వెతుక్కోవద్దు. పక్కన కూర్చున్న వాళ్లకు "ఈ విమానం పిలిస్తే లేపమ్మా" అని చెప్పండి. పాస్‌పోర్టు నిద్రలో కూడా ఒంటి మీదనే ఉండాలి. సాయం చేస్తామని ఎవరన్నా పాస్‌పోర్టు అడిగి తీసుకుని పోతామంటే ఇవ్వవద్దు. చూపించాల్సింది కౌంటరులో, ఇమిగ్రేషన్‌లో, గేటు దగ్గర. అక్కడే నిలబడి తిరిగి తీసుకోవాలి.

విమానం ఆలస్యమైతే మనకు కొన్ని హక్కులు ఉన్నాయి. ఇది చానామందికి తెలియదు. మన దేశంలో విమానాల మీద అజమాయిషీ చేసే డి.జి.సి.ఎ. అనే సంస్థ నియమం పెట్టింది. రెండున్నర గంటల లోపు ప్రయాణం ఉండే విమానం రెండు గంటలు ఆలస్యమైతే కంపెనీ తినడానికి, తాగడానికి ఇవ్వాలి. రేణిగుంట, హైదరాబాదు మధ్య తిరిగే విమానం దీని కిందికే వస్తుంది. రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణమైతే మూడు గంటలు ఆలస్యమయ్యాక ఇవ్వాలి. మనం టైముకు వచ్చి సామాను ఇచ్చి ఉండాలి, అంతే. ఇది వాళ్లు పెట్టే దానం కాదు. కౌంటరు దగ్గరికి పోయి మర్యాదగా అడగండి. నలుగురు కలిసి అడిగితే ఇంకా బాగుంటుంది.

ఇంటి నుంచి బయలుదేరే ముందు ఒక చిన్న కాగితం రాసుకోండి. మీ చేతితోనే రాసుకోండి. దాని మీద ఇంటి నంబరు, కువైట్‌లో తీసుకుపోవడానికి వచ్చే మనిషి నంబరు, పనిచేసే ఇంటి చిరునామా ఉండాలి. మన సిమ్ అక్కడ పనిచేయకపోవచ్చు. సెల్‌ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు. కాగితానికి చార్జింగ్ అక్కర్లేదు. అట్లాంటిదే ఇంకొకటి రాసి ఇంట్లో వదిలిపెట్టండి.

తిరిగి వచ్చేటప్పుడు

వచ్చేటప్పుడు పద్ధతి కొంచెం వేరు. కువైట్‌లో బ్యాగు మీద తిరుపతి గుర్తు వేసినా సరే, మన దేశంలో మొదట దిగిన చోటనే బ్యాగు తీసుకోవాలి. ఎందుకంటే విదేశీ సామానును కస్టమ్స్ వాళ్లు చూసేది అక్కడ. బంగారం, టీవీ లాంటివి తెచ్చి ఉంటే అక్కడే చెప్పాలి. తర్వాత బ్యాగును దేశం లోపలి విమానానికి మళ్లీ ఇవ్వాలి. ఇది తెలియక హైదరాబాదు బెల్టు మీద బ్యాగు వదిలేసి రేణిగుంటలో వెతుక్కునే వాళ్లు ఉన్నారు.

ఈ పనులన్నిటికీ టైము పడుతుంది కాబట్టి వచ్చేటప్పుడు మధ్యలో మూడు నాలుగు గంటలన్నా ఉండాలి. అర్ధరాత్రి దిగితే రేణిగుంట విమానం తెల్లవారాక గాని ఉండకపోవచ్చు. అప్పుడు బయటికి పోయి రూము వెతుక్కునే కంటే లోపలే కుర్చీలో కూర్చోవడం మేలు. బయట "తక్కువకే తీసుకుపోతా" అని బ్యాగు లాక్కునే కారు వాళ్లకు రెండేళ్ల జీతంతో వచ్చే మనిషి దూరం నుంచే తెలిసిపోతుంది. ఇంట్లో వాళ్లను రేణిగుంటకే రమ్మని చెప్పండి. లోపలికి రావాలంటే టికెట్టు ఉండాలి కాబట్టి వాళ్లు బయట గేటు దగ్గరే నిలబడి ఉంటారు.